సెలెక్ట్ అయిన రోజు ఫోటో వేశారు, తర్వాత మూడేళ్ల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారమండి. నాది గాజువాక. ముప్పై ఏళ్లకి పైనే గవర్నమెంట్ స్కూళ్లలో పీఈటీగా చేసి రిటైర్ అయ్యాను, పేపర్ వేసే కుర్రాడు పది నిమిషాలు లేటైతే గేటు దగ్గరకెళ్లి నిలబడే పాఠకుణ్ణి. మొన్న ఏప్రిల్‌లో మీ స్పోర్ట్స్ పేజీలో కింద మూలన అమెరికా ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ గురించి నాలుగు లైన్లు వేశారు, ఏ టీం ఎవరిని ముందు తీసుకుంది అని, అంతే. అదే పేజీలో పైన మన జిల్లా కుర్రాడొకడు ఏదో లీగ్‌కి సెలెక్ట్ అయ్యాడని దండలేసిన ఫోటో. ఆ రెండూ ఒకే పేజీలో చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు, రోజూ రాద్దాం రాద్దాం అనుకుంటూ ఇవాళ కూర్చున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి, కుదిస్తే కుదించండి గానీ కింద రాసిన ఆ కుర్రాడి సంగతి మాత్రం తీసెయ్యకండి.

మా స్కూల్లో చదివిన పిల్లాడే. పేరు రాయను, వాడికి ఇష్టం ఉండదు. వాళ్ల నాన్న లారీ క్లీనరు, అమ్మ నాలుగిళ్లలో పని చేసేది. మట్టి బరిలో చెప్పుల్లేకుండా కబడ్డీ ఆడేవాడు, ఎడమ కార్నర్. కూతకొచ్చినోడు బోనస్ లైను దాకా వచ్చి ఎంత ఊరించినా వీడు ఒక్క అడుగు ముందుకేసేవాడు కాదండి, మిగతా పిల్లలంతా అరుస్తూ చేతులూపుతూ ఉంటే వీడు మాత్రం వంగి, కళ్లు అవతలివాడి కాళ్ల మీదే పెట్టి, వాడు వెనక్కి తిరిగే ఆ ఒక్క క్షణం కోసం కాసుకుని ఉండి మడమ మీద పడేవాడు, పట్టు పడిందంటే ఇక వదిలేది లేదు. పన్నెండేళ్ల పిల్లాడికి ఆ ఓర్పు ఎవరు నేర్పుతారు, నేనైతే నేర్పలేదు, పుట్టుకతో వచ్చిందంతే.

పందొమ్మిదో ఏట ఒక లీగ్‌లో ఒక టీం వాణ్ణి తీసుకుంది. టీం పేరు రాయను, ఎవరినీ రోడ్డు మీదకి లాగడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. ఆ రోజు మా వీధిలో పండగే, శాలువాలు కప్పారు, జంక్షన్లో ఫ్లెక్సీ కట్టారు, వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి "మాస్టారండీ, మా ఆడికి ఇంక బెంగ నేదు కదండీ" అని అడిగింది, నేను లేదమ్మా అని చెప్పాను. ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

మొదటి సీజన్ అంతా టీంతో ఊళ్లు తిరిగాడు, బరిలో ఆడింది మొత్తం కలిపి పదకొండు నిమిషాలట, వాడే లెక్కపెట్టుకున్నాడు. రెండో సీజన్ ప్రాక్టీస్‌లో మోకాలు తిరిగింది, నొప్పి మాత్రలిచ్చి రెస్ట్ తీసుకోమని ఇంటికి పంపారు. మూడో సీజన్‌కి ఫోన్ రాలేదు. వీడు చేస్తే ఎత్తలేదు. ఇప్పుడు ఆటోనగర్‌లో పార్శిల్ ఆఫీసులో లోడింగు పని. పోయినేడు దారిలో కనపడితే పక్కనే టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి అడిగాను, ఏరా ఎక్కడ పొరపాటు జరిగింది, నీ ఆటలో ఏం తక్కువైందన్నారు వాళ్లు అని. వాడు గ్లాసు వైపే చూస్తూ అన్న మాట, "ఏటి తక్కువైందో ఎవులూ సెప్పనేదు మాస్టారూ". రెండేళ్లు, ఎడిటర్ గారూ, రెండేళ్లు ప్రొఫెషనల్ టీంలో ఉన్న పిల్లాడికి, నువ్వు ఇది బాగా చేస్తున్నావు ఇది దిద్దుకో అని కూర్చోబెట్టి చెప్పిన మనిషి ఒక్కడు లేడు.

ఇక ఆ అమెరికా సంగతి ఎందుకెత్తానంటే, మా అమ్మాయి వాళ్లు ఫిలడెల్ఫియాకి దగ్గర్లో ఉంటారు, న్యూజెర్సీ వైపు. పురిటికని 2024 సెప్టెంబర్‌లో మేమిద్దరం వెళ్లి ఫిబ్రవరి ఆఖరు దాకా ఉన్నాం. అక్కడ ఆదివారం వచ్చిందంటే ఇంటింటా ఈగల్స్ మ్యాచే, ఫిలడెల్ఫియా వాళ్ల ఫుట్‌బాల్ టీం అది, మా అల్లుడు దాని పిచ్చోడు. మొదట్లో నాకేం అర్థం కాలేదు, పేరుకి ఫుట్‌బాల్ గానీ కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెట్టడం, విసరడం, మీద పడి పట్టుకోవడం. నాలుగు వారాలయ్యేసరికి ఇది మన కబడ్డీకి దూరపు చుట్టంలాగుందే అనిపించి లీనమైపోయాను, ఆట కంటే కూడా వాళ్లు పిల్లల్ని తీసుకున్నాక ఎలా తయారు చేస్తారో ఆ కథలే ఎక్కువ పట్టుకున్నాయి నన్ను. మనవణ్ణి ఒళ్లో వేసుకుని మా అల్లుణ్ణి ప్రశ్నలతో విసిగించేవాణ్ణి, పాపం ఎంతో ఓపిగ్గా చెప్పేవాడు.

అక్కడ పద్ధతేంటంటే, మొత్తం 32 టీంలు, ముందటేడు అందరికంటే అధ్వాన్నంగా ఆడిన టీం ముందు కోరుకుంటుంది, అలా ఏడు రౌండ్లు, మొత్తం మీద రెండువందల యాభై మంది పైచిలుకు కాలేజీ కుర్రాళ్లు. ఇది 1936 నుంచీ నడుస్తోంది. ఆ మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు జే బెర్వాంగర్ అనే ఆయనది, ఆయన ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదట, డబ్బు దగ్గర కుదరక వేరే పని చూసుకున్నాడు. అంటే పేరు పిలవడం వేరే, ఆటగాడవడం వేరే అని మొదటిరోజే తేలిపోయిందన్నమాట.

పేరు పిలిచాక ఏం జరుగుతుందో చూడండి. వారం రెండు వారాల్లో కొత్తవాళ్లకి విడిగా చిన్న క్యాంపు, తర్వాత జూన్ దాకా పాతవాళ్లతో కలిపి ప్రాక్టీసులు, జులై ఆఖర్న పెద్ద క్యాంపు, ఆగస్టులో ఉత్తుత్తి మ్యాచ్‌లు, ఆగస్టు ఆఖరుకి టీంని 53 మందికి కుదిస్తారు. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. కానీ కుదించగా మిగిలిపోయిన కుర్రాళ్లలో పనికొస్తారనుకున్నవాళ్లని ప్రాక్టీస్ స్క్వాడ్ అని 16 మంది దాకా విడిగా ఉంచుకుంటారు, వాళ్లు మ్యాచ్ ఆడకపోయినా వారానికి 12 వేల డాలర్లకి పైనే జీతం. వీళ్ల పనేంటంటే వచ్చే ఆదివారం ఎదురయ్యే టీం ఎలా ఆడుతుందో అచ్చం అలా ఆడి చూపించడం, అంటే వారం వారం కొత్త టీం ఆట నేర్చుకుని మరీ ఆడాలి. కూర్చోబెట్టి వాటర్ బాటిళ్లు మోయించడం కాదండి, ఆడని పిల్లాడికి ఆడేవాడికంటే ఎక్కువ చదువు అక్కడ. ప్రతి ప్రాక్టీసూ వీడియో తీస్తారు, ఆ వీడియో ముందు కూర్చోబెట్టి నీ పాదం ఇక్కడ పడింది, ఇక్కడ పడాలి అని ఆపి ఆపి చూపిస్తారు. చేతికొచ్చిన డబ్బు ఎలా దాచుకోవాలి, బంధువులూ స్నేహితులూ మీద పడితే ఏం చెయ్యాలి అని కూడా కొత్తవాళ్లకి క్లాసులు పెడతారు. మొదటి కాంట్రాక్టు నాలుగేళ్లు, మొదటి రౌండ్‌లో తీసుకున్నవాణ్ణి ఐదో ఏడు కూడా ఉంచుకోవాలా వద్దా అనేది మూడు సీజన్లు చూశాక తేల్చుకుంటారు. మూడు సీజన్లు! మన దగ్గర మూడు మ్యాచ్‌ల్లో తేల్చేస్తున్నాం.

వాళ్లంతా మహానుభావులని నేననడం లేదు. అక్కడా పనికిరాదనుకుంటే నిర్దాక్షిణ్యంగా తీసేస్తారు, ఆ కాంట్రాక్టుల్లో చాలావాటికి పూర్తి గ్యారంటీ ఉండదు, ఎంతమంది పిల్లలు ఒళ్లు పాడుచేసుకుని ఇంటికెళ్లారో. నేను చెప్పేది తయారు చేసే పద్ధతి గురించి.

2005 డ్రాఫ్ట్ కథ ఒకటి చెప్తానండి, మా అల్లుడు చెప్పినప్పుడు నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి చేతిలోకి తీసుకుని ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునేవాడు, టీంకి మెదడులాంటివాడు. ఆ ఏడు ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌ల గురించే చర్చంతా, అలెక్స్ స్మిత్, ఆరన్ రాడ్జర్స్. శాన్‌ఫ్రాన్సిస్కో టీం స్మిత్‌ని అందరికంటే ముందు, మొదటి పేరుగా పిలిచింది. రాడ్జర్స్ అదే గదిలో సూటేసుకుని గంటల తరబడి కూర్చున్నాడు, ఒక్కొక్కళ్లూ లేచి వెళ్లిపోతుంటే టీవీలో లోకమంతా వాడి మొహమే చూస్తోంది, చివరికి 24వ పేరుగా గ్రీన్‌బే టీం పిలిచింది. ఆ టీంలో బ్రెట్ ఫార్వ్ అని మహా ఆటగాడు అప్పటికే ఉన్నాడు, కాబట్టి రాడ్జర్స్‌కి మూడేళ్లు బెంచీయే.

ఆ మూడేళ్లూ వాడికేం చేశారంటే, మైక్ మెకార్తీ అని 2006లో వచ్చిన కోచ్ సీజన్ లేని నెలల్లో క్వార్టర్‌బ్యాక్‌లకి బడిలాగా పెట్టేవాడు, నిజంగా దాని పేరే క్వార్టర్‌బ్యాక్ స్కూల్. బంతి ఎక్కడ పట్టుకోవాలి, వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్లు ఎలా పడాలి అని మొదట్నుంచీ దిద్దాడు. 2008లో రాడ్జర్స్‌కి టీం అప్పజెప్పారు, ఆ ఏడు ఆరు గెలిచి పది ఓడారు. ఎవరూ తీసేయలేదు. 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్, అంటే ఆ లీగ్ ఫైనల్, గెలిచాడు, ఆ తర్వాత లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు నాలుగుసార్లు.

మరి మొదటి పేరు అలెక్స్ స్మిత్? వాణ్ణి ఇరవయ్యొక్క ఏళ్లకే మైదానంలోకి తోసేశారు. మొదటి సీజన్‌లో ఒక్కటంటే ఒక్క టచ్‌డౌన్ పాస్, అంటే అవతలి గీత దాటి పాయింట్లు తెచ్చే విసురు, అవతలివాళ్ల చేతికి అందించినవి 11. అది కూడా పర్వాలేదు, కానీ వాడికి ఆట నేర్పే కోఆర్డినేటర్ దాదాపు ఏడాదికొకరు చొప్పున మారిపోయారు, ఆరేడు సీజన్లు అలాగే. ఆలోచించండి, ప్రతి ఏడూ కొత్త మాస్టారు, కొత్త పుస్తకం, కొత్త భాష, పోయినేడు తప్పన్నది ఈ ఏడు ఒప్పు. మధ్యలో భుజానికి దెబ్బ, 2008 సీజన్ మొత్తం పోయింది. జనం వాణ్ణి దండగమారి అన్నారు. 2011లో జిమ్ హార్బా అని క్వార్టర్‌బ్యాక్‌గా ఆడొచ్చిన కోచ్ వచ్చాడు, అదే స్మిత్, అదే టీం, 13 గెలిచి మూడే ఓడారు, సీజన్ మొత్తంలో అవతలివాళ్ల చేతికి పోయినవి ఐదంటే ఐదు. పిల్లాడిలో సరుకు మొదట్నుంచీ ఉంది, నేర్పేవాడు నిలకడగా లేడంతే.

ఇంకా ఉంది. ఆ స్మిత్ తర్వాత కాన్సాస్ సిటీ టీంకి వెళ్లాడు. 2017లో ఆ టీం పదో పేరుగా ప్యాట్రిక్ మహోమ్స్ అనే కుర్రాణ్ణి తీసుకుని స్మిత్ వెనకాల కూర్చోబెట్టింది, సీజనంతా కలిపి ఒక్క మ్యాచ్, అదీ ఆఖరిది, ఆడనిచ్చారు. తన చోటు తీసుకోడానికి వచ్చిన కుర్రాడని తెలిసి కూడా వారమంతా మ్యాచ్‌కి ఎలా తయారవ్వాలో స్మిత్ పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడట, మహోమ్స్ ఆ మాట ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. మరుసటేడు మహోమ్స్ 50 టచ్‌డౌన్‌లు విసిరి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. తనకి దొరకని గురువు తానే ఇంకొకడికి అవ్వడం, నాకు ఆ స్మిత్ అంటే ఆటగాళ్లందరిలోకీ ఎక్కువ గౌరవం.

బెంచీ మీద కూర్చోబెడితేనే తయారవుతారా అంటే అదీ కాదు. పేటన్ మ్యానింగ్‌ని 1998లో మొదటి పేరుగా తీసుకుని మొదటి మ్యాచ్ నుంచే ఆడించారు, 28 సార్లు బంతి అవతలివాళ్లకి పోగొట్టాడు, కొత్తవాడి లెక్కల్లో ఇప్పటికీ అదే రికార్డు, మూడు గెలిచి పదమూడు ఓడారు. కానీ టామ్ మూర్ అనే కోఆర్డినేటర్ ఆ ఏడే వచ్చి పదేళ్లు అదే పిల్లాడితో ఉన్నాడు. ఆడించారా కూర్చోబెట్టారా అన్నది రెండో సంగతి, ఒకే మనిషి పక్కనుండి ఏడాది తర్వాత ఏడాది చెప్పాడా లేదా అన్నదే అసలు సంగతి అని నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లు పిల్లలకి ఆటలు చెప్పినవాణ్ణి, ఈ మాట నా అనుభవంతో కూడా అంటున్నాను, టెన్త్‌లోకొచ్చేసరికి మాస్టారికి ట్రాన్స్‌ఫర్ అయితే బాగా ఆడే పిల్లాడు కూడా ఎలా డీలా పడిపోతాడో మా పీఈటీలందరికీ తెలుసు.

ఇప్పుడు జోర్డాన్ మైలాటా గురించి. ఇతని కోసమే నేను ఈగల్స్ మ్యాచ్‌లు చూసింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ కుర్రాడు, తల్లిదండ్రులు సమోవా దీవుల నుంచి వచ్చినవాళ్లు. రగ్బీ ఆడేవాడు, ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, నూటయాభై కిలోల పైన మనిషి. జీవితంలో ఒక్కసారి కూడా అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడలేదు. విదేశీ కుర్రాళ్లకి నేర్పే ప్రోగ్రాం ఒకటుంటే ఫ్లోరిడాలో కొన్ని నెలలు నేర్చుకున్నాడు, 2018 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్‌లో, 233వ పేరుగా ఈగల్స్ తీసుకుంది. 2018లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2019లోనూ ఆడలేదు, రెండేళ్లూ గాయాల లిస్టులోకే వెళ్లాడు.

మా కుర్రాడి రెండేళ్లకీ ఈ కుర్రాడి రెండేళ్లకీ తేడా చూడండి. ఆ టీంలో జెఫ్ స్టౌట్‌ల్యాండ్ అని లైన్ కోచ్, 2013లో వచ్చి మైలాటా నేర్చుకున్నన్నాళ్లూ అక్కడే ఉన్నాడు, మారలేదు. మైలాటాకి ఎలా నిలబడాలి అన్న దగ్గర్నుంచి మొదలెట్టాడు. వీడు ఆడే చోటు పేరు లెఫ్ట్ టాకిల్, క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమ పక్క కాపలా, ఎదుటివాడు దూసుకొస్తుంటే వెనక్కీ పక్కకీ అడుగులేస్తూ వాడికి దారి మూసెయ్యాలి. నేను టీవీలో బంతి చూడ్డం మానేసి మైలాటా కాళ్లే చూసేవాణ్ణి. ముందుకి ఎగబడడు, నడుం వంచి, మోకాళ్లు మడిచి, బరువు లోపలి కాలి మీద ఉంచుకుని బయటి కాలితో వెనక్కి జారుతుంటాడు, చేతులు చివరి క్షణం దాకా దాచుకుంటాడు. ఎవరు గుర్తొస్తారండి నాకు? ఎడమ కార్నర్‌లో వంగి నిలబడి మడమ కోసం కాసుక్కూర్చున్న మా కుర్రాడే గుర్తొచ్చాడు. ఒకసారి మనవడు ఒళ్లో ఉండగానే కళ్లనీళ్లు వచ్చేశాయి, మా ఆవిడ ఏమైందండీ అంటే చెప్పలేకపోయాను.

2020 అక్టోబర్‌లో సీనియర్లకి దెబ్బలు తగిలి మైలాటాకి మొదటిసారి మ్యాచ్ మొదట్నుంచీ ఆడే ఛాన్స్ వచ్చింది, అంటే తీసుకున్న మూడో ఏడు. 2021లో నాలుగేళ్లకి 64 మిలియన్ డాలర్ల కొత్త కాంట్రాక్టు. 2025 ఫిబ్రవరి 9న కాన్సాస్ సిటీ మీద 40-22తో సూపర్ బౌల్ గెలిచిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను, మహోమ్స్ ఎటు కదిలినా దారి లేకుండా చేశారు ఆ రోజు. అల్లుడు గెంతులేస్తుంటే నేను మాత్రం 233 అన్న నంబరే తలుచుకుంటున్నాను. రెండేళ్లు ఒక్క మ్యాచ్ ఆడని 233వ వాణ్ణి మన దగ్గరైతే మొదటి సీజన్ అవ్వగానే బస్సెక్కించేవాళ్లం.

మన దగ్గర జరగదు అంటే ఒప్పుకోను. మా గాజువాక కుర్రాడే నితీష్ కుమార్ రెడ్డి, క్రికెట్టే అయినా సంగతి ఇదే. 2023 ఐపీఎల్‌కి సన్‌రైజర్స్ 20 లక్షలకి తీసుకుంది, ఆ సీజన్‌లో రెండే మ్యాచ్‌లు. వదిలెయ్యలేదు. 2024లో 13 మ్యాచ్‌ల్లో 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు, ఆ డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ. కొడుకు ఆట కోసం ఉద్యోగం మానేసిన వాళ్ల నాన్న గ్యాలరీలో ఏడుస్తుంటే మా వీధి వీధంతా ఏడ్చింది. కానీ క్రికెట్‌కి ఐపీఎల్ లేని నెలల్లో రంజీ ఉంది, అసోసియేషన్ ఉంది, నెట్స్ ఉన్నాయి, జీతం ఉంది. కబడ్డీ పిల్లాడికి, మన ఫుట్‌బాల్ పిల్లాడికి, లీగ్ నడిచే ఆ మూణ్ణాలుగు నెలలు పోను మిగతా ఏడంతా ఏముందండి? రైల్వేలోనో సర్వీసెస్‌లోనో ఉద్యోగం దొరికినవాడికి గ్రౌండూ కోచూ ఉంటారు. దొరకనివాడు పార్శిల్ ఆఫీసులో మూటలెత్తుకుంటూ మోకాలు ఇంకాస్త పాడుచేసుకోవాల్సిందే.

అసలు వీళ్లకి మొదటి దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్తాను, పైవాళ్లకి తెలీదిది. మన పిల్లలు మట్టిలో పెరుగుతారు, కాలు మట్టిలో జారుతుంది, ఆ జారుడు లెక్క వాళ్ల ఒంట్లో ఉంటుంది. లీగ్‌లో మ్యాట్, మ్యాట్ మీద బూట్లు, అక్కడ కాలు జారదు, ఠక్కున పట్టేస్తుంది, పైన ఒళ్లు తిరుగుతుంది కింద పాదం తిరగదు, మధ్యలో మోకాలు నలుగుతుంది. ఒక ఆర్నెల్లు మెల్లగా మ్యాట్‌కి అలవాటు చేసి, తొడ కండరాలు గట్టిపడేలా చేయించి అప్పుడు పోటీకి దింపాలి. మా కుర్రాడు జీవితంలో మ్యాట్ ఎక్కింది జిల్లా సెలక్షన్లలో ఒకసారి, స్టేట్ మీట్‌లో ఒకసారి. నేరుగా లీగ్ క్యాంపుకి వెళ్లాడు. వాడి మోకాలు పోవడం దురదృష్టమని అందరూ అన్నారు, నేననను.

2014లో ప్రో కబడ్డీ మొదలయ్యి మన విశాఖలో కూడా మ్యాచ్‌లు జరిగాక, అంతకుముందు చెడుగుడు అంటే చిన్నచూపు చూసిన తల్లిదండ్రులే పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మాస్టారూ మా గుంటడికి నేర్పండి అన్నారు. అది మామూలు మార్పు కాదు, దానికి ఆ లీగ్‌కి చేతులెత్తి దణ్ణం పెడతాను. పిల్లలొస్తున్నారు, ఆడుతున్నారు, సెలెక్ట్ కూడా అవుతున్నారు, తర్వాత ఏంటన్నదే ఎవరికీ పట్టడం లేదు.

అందుకని ముందు మిమ్మల్నే అడుగుతున్నాను ఎడిటర్ గారూ. సెలెక్ట్ అయిన పిల్లాడి ఫోటో వెయ్యండి, తప్పకుండా వెయ్యండి, ఆ కటింగ్ వాళ్లమ్మ దేవుడి పటాల పక్కన పెట్టుకుంటుంది. కానీ ఆ పేరు ఒక పుస్తకంలో రాసుకుని ఏడాదికి ఒకసారి, రెండేళ్లకి ఒకసారి, మూడేళ్లకి ఒకసారి మీ విలేకరిని పంపించండి. ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎవరు నేర్పుతున్నారు, ఒంట్లో ఎలా ఉంది, తీసేస్తే ఎందుకని చెప్పి తీసేశారు. మీరు అడుగుతారని తెలిస్తేనే టీం వాళ్లు పిల్లాడికి జవాబు రెడీ చేసుకుంటారు. ఇంటర్, డిగ్రీ మధ్యలో ఆపేసిన పిల్లలు వీళ్లంతా, అడిగే నోరు వాళ్లకి లేదు, మీకుంది.

టీంలవాళ్లని అడిగేది పెద్దదేం కాదు. తీసుకున్న ప్రతి కుర్రాడికీ ఒక మనిషిని అప్పజెప్పండి, సీజన్ మధ్యలో ఒకసారి, ఆఖర్న ఒకసారి వీడియో ముందు కూర్చోబెట్టి తెలుగులో, వాడికి అర్థమయ్యే మాటల్లో నీ ఆట ఇదీ అని చెప్పండి. కోచ్ హిందీలో అరిచేది ఏంటో సగం అర్థం కాక బుర్ర ఊపేవాణ్ణి అన్నాడు మావాడు. ఆట పెట్టాక దెబ్బ తగలడం ఎవరి చేతిలోనూ లేదు, కానీ టీంలో ఉండగా తగిలిన దెబ్బకి పూర్తిగా నయమయ్యేదాకా వైద్యం టీందే అని కాగితం మీద రాయించండి.

ఇక ఊళ్లో ఉన్నవాళ్లని ఒక మాట. పోర్టుకి స్టేడియం ఉంది, స్టీల్‌ప్లాంటుకి గ్రౌండ్లున్నాయి, రైల్వేకి ఉన్నాయి, యూనివర్సిటీకి ఉన్నాయి, నేవీ ఉంది. లీగ్ లేని నెలల్లో, వారానికి మూడు సాయంత్రాలు, ఒక్కచోట ఒక మ్యాట్ పరిచి ఉంచితే చాలు, సెలెక్ట్ అయినవాళ్లు, అయ్యి వెనక్కొచ్చినవాళ్లు, ఇంకా అవ్వాల్సినవాళ్లు అందరూ అక్కడ కలుస్తారు. ఒక ఫిజియోథెరపీ డాక్టరు గారు నెలకి రెండుసార్లు వచ్చి మోకాళ్లు, భుజాలు చూస్తే అంతకంటే పుణ్యం లేదు. ఎవరి దగ్గరికైనా వచ్చి అడగడానికి నేను సిద్ధం, నాతోపాటు రిటైరైన పీఈటీలు ఇంకో నలుగురున్నారు, మాకు జీతాలు అక్కర్లేదు.

మా కుర్రాడి సంగతి చెప్పి ఆపేస్తాను. ఈ ఏడు సంక్రాంతి తర్వాత నుంచి వాణ్ణి బతిమాలి ఆదివారాలు మా గ్రౌండ్‌కి రప్పిస్తున్నాను, పిల్లలకి కార్నర్ ఎలా ఆడాలో చూపించరా అని. మొదటి రెండు వారాలు గోడ మీద కూర్చున్నాడు, మూడో వారం దిగాడు. నేను అక్కడ చూసొచ్చిన విద్యే, నా ఫోన్ ట్రైపాడ్ మీద పెట్టి కాళ్లు కనపడేలా వీడియో తీసి, స్లో చేసి పిల్లలకి చూపిస్తుంటాను. పోయినవారం వాడు పట్టు చూపిస్తున్నది కూడా తీశాను. వాడు ఫోన్ చేతిలోకి తీసుకుని ఒకటే చోట వెనక్కి, ముందుకి, వెనక్కి, ముందుకి జరిపి చూశాడు, ఒక పది నిమిషాలు ఎవరితో మాట్లాడలేదు. తర్వాత నా దగ్గరికొచ్చి స్క్రీన్ మీద వేలు పెట్టి, "మాస్టారూ, ఇక్కడ సూడండి, దూకకముందే నా ఎడం మడమ లేసిపోతంది, రైడర్‌కి ముందే తెలిసిపోతంది, ఇన్నేళ్లూ నాకు తెలీనేదు" అన్నాడు.

వాడికింకా ఇరవై రెండేళ్లే. మోకాలికి ఎక్సర్‌సైజులు మొదలుపెట్టించాను, లోడింగు పని మాన్పించలేను గానీ బరువులు తక్కువుండే షిఫ్టు చూడమని వాళ్ల ఓనర్‌ని అడిగాను, సరేనన్నారు. మీ విలేకరిని ఏ ఆదివారమైనా పొద్దున్న ఆరింటికి పంపండి, అక్కడే ఉంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
గాజువాక, విశాఖపట్నం